ఆగిపోయిన బండిని లాగకండి, ఎక్కించండి: బైకును క్షేమంగా తరలించే పద్ధతులు, అప్పుడూ ఇప్పుడూ

మధ్యదారిలో బండి మొరాయిస్తే మన వైపు ముందు వినిపించే ప్రశ్న “తాడుందా?” అనే. విజయవాడ వారధి మీదైనా, గుంటూరు మిర్చి యార్డు రోడ్డులోనైనా అంతే. కారుకో లారీకో ఆ ప్రశ్న సరిపోతుంది. రెండు చక్రాల బండికి మాత్రం సరిపోదు. మోటార్‌సైకిల్‌ను తాడుతో లాగడం మొదటినుంచీ ప్రమాదమే. బండ్లు తేలికగా, రోడ్లు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఆ ప్రమాదం చిన్నదిగా కనిపించింది, అంతే. ఈరోజు మంగళగిరి దాటాక హైవే మీద అదే పని చేస్తే పోయేది బండి ఒక్కటే కాదు. అందుకే బైకును ఎత్తి, నిలువుగా నిలబెట్టి, కట్టి తీసుకెళ్లడం ఎలాగో మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. పాత పద్ధతుల్లో ఇప్పటికీ పనికొచ్చేవి ఉన్నాయి, వాటినీ చెబుతాను.

తాడు ఎందుకు వద్దు

మోటార్‌సైకిల్ నిలబడేది హ్యాండిల్ స్వేచ్ఛగా తిరిగినంతసేపే. బండి ఎటు ఒరుగుతుంటే అటు హ్యాండిల్‌ను రవ్వంత తిప్పి సర్దుకుంటూ పోతాం. అది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. హ్యాండిల్‌కో ఫోర్కుకో (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కడ్డీలకో) తాడు కట్టిన మరుక్షణం ఆ స్వేచ్ఛ పోతుంది. ముందు బండి కొంచెం పక్కకు జరిగినా మన హ్యాండిల్ అటే గుంజుకుపోతుంది. ముందువాడు వేగం తగ్గించగానే తాడు వదులై ముందు చక్రం కిందికి వస్తుంది. మళ్లీ వేగం పెంచగానే ఒక్క కుదుపుతో బిగుస్తుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా పడేది వెనకవాడే.

లాగడానికి వీలుగా బైకును తయారుచేయాలనుకున్న కంపెనీలు ఏం చేశాయో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో ‘ఇండియన్’ అనే పేరున్న మోటార్‌సైకిల్ కంపెనీ డిస్పాచ్ టో అనే బండిని తెచ్చింది. హార్లే డేవిడ్‌సన్ 1932లో సర్వీ కార్ తెచ్చింది. గ్యారేజీ మెకానిక్ దాని మీద ఖాతాదారుడి ఇంటికి వెళ్లేవాడు. దాని ముందున్న లాగుడు కడ్డీని కారు వెనక బంపర్‌కు తగిలించి, కారు నడుపుకుంటూ గ్యారేజీకి వచ్చేవాడు. పని అయ్యాక కారును ఇచ్చేసి సర్వీ కార్ మీద తిరిగొచ్చేవాడు. చక్కటి ఏర్పాటే, కానీ ఆ రెండు బండ్లకూ మూడేసి చక్రాలు. తాడు స్థానంలో బిగుతైన ఇనుప కడ్డీ. రెండు చక్రాల బండిని అలా వెనక వేలాడదీయాలని వాళ్లు అనుకోలేదు.

మన దేశంలో 1989 నాటి రోడ్డు నియమాలు (2017లో వీటి స్థానంలో కొత్తవి వచ్చాయి) లాగే వాహనానికీ లాగబడే వాహనానికీ మధ్య 5 మీటర్లకు మించి దూరం ఉండకూడదనీ, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదనీ, వెనక ‘ఆన్ టో’ అని అక్షరాలు కనబడాలనీ చెప్పాయి. స్టీరింగ్ స్థిరంగా ఉండే వాహనాలను మనసులో పెట్టుకుని రాసిన నియమాలివి. చిలకలూరిపేట వైపు నుంచి లారీలు దూసుకొచ్చే రోడ్డులో 24 వేగంతో తాడు కట్టుకుని వెళ్లడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ముందు చూడాల్సినవి

వ్యాను పిలిచే ముందు ఐదు నిమిషాలు బండిని చూడండి. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ ఆఫ్‌లో ఉందా? కార్బ్యురేటర్ బండి అయితే పెట్రోల్ నాబ్ రిజర్వ్‌కు తిప్పారా? చాలా కొత్త బండ్లలో సైడ్ స్టాండ్ పూర్తిగా పైకి లేవకపోయినా ఇంజిన్ స్టార్ట్ కాదు, అక్కడ బురద ఇరుక్కుందేమో చూడండి. ప్లగ్ క్యాప్ ఊడిందా, ఫ్యూజ్ కాలిందా, చైన్ జారిందా చూడండి. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే అక్కడికక్కడే పంచర్ వేయించొచ్చు.

కొన్ని పరిస్థితుల్లో మాత్రం చక్రాల మీద ఒక్క అడుగు కూడా కదపకూడదు. దెబ్బ తగిలి ఫోర్కు వంగినా, చైన్ తెగి వెనక స్ప్రాకెట్‌లో (పళ్ల చక్రంలో) ఇరుక్కున్నా, బ్రేక్ పట్టేసి చక్రం వేడెక్కినా, ఇంజిన్ పట్టేసినా దాన్ని మోసుకెళ్లాల్సిందే.

రోడ్డు మీద నుంచి పక్కకు

ఇండికేటర్ వేసి బండిని ఎడమ అంచు దాటించి, రెయిలింగ్ ఉంటే దాని అవతల మీరు నిలబడండి. బండి పక్కనే కూర్చుని ఫోన్ చూసుకోవద్దు. రాత్రయితే బండి వెనక కొంత దూరంలో ఒక చెట్టు కొమ్మో, హెల్మెట్ మీద వెలుగుతున్న ఫోన్ టార్చో పెడితే వచ్చే లారీకి ముందే కనిపిస్తుంది. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ప్రమాదం జరిగితే 112.

విజయవాడకూ తాడేపల్లికీ మధ్య కృష్ణ మీద దారులు రెండున్నాయి. ఆగిపోయిన బండికి ఆ రెండూ ఒకటి కావు. వారధి మీద వాహనాలు వేగంగా వెళ్తాయి, పక్కకు తప్పుకోవడానికి చోటు తక్కువ. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేవు, వాహనాలు నెమ్మదిగా వెళ్తాయి. బండి ఏదో తేడాగా ఉందని తాడేపల్లి వైపు సీతానగరంలోనే అనుమానం వస్తే బ్యారేజీ దారి పట్టండి. అక్కడ ఆగిపోయినా ఇద్దరు మనుషులు విజయవాడ ఒడ్డుకు తోసుకురాగలరు.

ఇక ఇన్సూరెన్స్. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో బండి ఆగిపోతే వచ్చి సాయం చేసే సేవ) తీసుకుని కూడా ఆ సంగతి మర్చిపోయేవాళ్లు చాలామంది. పాలసీ కాగితం మీద నంబరు ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు అడగండి: వచ్చేది బైకును పైకి ఎక్కించుకునే వాహనమేనా, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితం, కట్టే బెల్టులు వాళ్ల దగ్గర ఉన్నాయా. అదీకాక, ప్రమాదంలో బండి దెబ్బతింటే దగ్గరి వర్క్‌షాపుకు తరలించినందుకు మామూలు ప్యాకేజీ పాలసీలోనే (మన బండి నష్టానికీ వర్తించే పాలసీ) ద్విచక్ర వాహనానికి రూ.300 వరకు ఇస్తారు. చిన్న మొత్తమే అయినా రసీదు దాచుకోండి.

కాలు పెట్టి తోయడం

మన ఊళ్లలో రోజూ కనబడే దృశ్యమే. పక్క బండివాడు తన ఎడమ కాలు చాపి, ఆగిన బండి వెనక ఫుట్‌రెస్ట్ మీద ఆనించి తోసుకుంటూ వెళ్తాడు. చట్టం సంగతి పక్కన పెట్టినా దీంట్లో ఒక చిక్కుంది. తోసేవాడి ఎడమ కాలు బయట ఉంటే అతను గేర్ మార్చలేడు. కుడి కాలు బయట పెడితే వెనక బ్రేక్ తొక్కలేడు. రెండింటిలో ఎడమ కాలే నయం. అందుకే తోసేవాడు ఆగిన బండికి కుడివైపు, కాస్త వెనకగా ఉండాలి. ముందే రెండో గేర్‌లో పెట్టుకుని చివరిదాకా దాన్ని మార్చకూడదు. కాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి, సైలెన్సర్ మీద కాదు. ఇండికేటర్ మీదా నంబర్ ప్లేటు మీదా అసలే వద్దు. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఆగిన బండివాడు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేక్ వేసే ముందు గట్టిగా “ఆపుతున్నా” అని అరవాలి.

బ్రాడీపేట అడ్డరోడ్లలో, పటమట కాలనీ వీధుల్లో మెకానిక్ షెడ్డు దాకా అయితే సరే. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కాలన్నా, కనకదుర్గ ఫ్లైఓవర్ దిగాలన్నా, హైవే మీదికి వెళ్లాలన్నా ఈ పద్ధతి మరచిపోండి.

పొలం గట్ల మీదో, వేరే వాహనం రాలేని కాలవ కట్ట మీదో తాడు తప్ప దారి లేకపోతే ఒక్క పద్ధతి ఉంది. ముందు బండి వెనక ఫుట్‌రెస్ట్‌కు తాడు ఒక కొన కట్టండి. రెండో కొనను వెనక బండి ఫుట్‌రెస్ట్ చుట్టూ రెండు చుట్లు చుట్టి, ముడి వేయకుండా, నడిపేవాడు బూటుతో తొక్కి పట్టుకోవాలి. ఏ మాత్రం తేడా వచ్చినా కాలెత్తితే తాడు దానంతటదే జారిపోతుంది. హ్యాండిల్‌కు కట్టకూడదు. నడక వేగం మించకూడదు.

ఏ వాహనం పిలవాలి

పాత రోజుల్లో బండి తనను తాను కాపాడుకునేలా ఉండేది. 1972లో వచ్చిన లూనాకు పెడళ్లుండేవి. పెట్రోల్ అయిపోతే సైకిల్ తొక్కినట్టు తొక్కుకుంటూ ఇంటికొచ్చేవాళ్లు. బజాజ్ చేతక్‌కు స్టెప్నీ ఉండేది. రాజ్‌దూత్, జావా, బుల్లెట్ బండ్లను తోసి స్టార్ట్ చేసేవాళ్లు. అప్పటికీ కదలకపోతే పట్నంలో సామాన్ల రిక్షా, పల్లెలో ఎడ్లబండి దిక్కు. ఎడ్లను విప్పి కాడిని పైకెత్తితే బండి వెనక భాగం నేలకు ఆనుతుంది. ఎక్కించడానికి వాలుగా చెక్క వేయనక్కర్లేకుండా బైకును అలాగే పైకి తోసి, కాడిని కిందికి దించితే సరి. ఇప్పటి హైడ్రాలిక్ ఫ్లాట్‌బెడ్ చేసేదీ అదే, తొట్టిని వంచి నేలకు ఆనించడం. తర్వాత ట్రాక్టర్ ట్రక్కులు వచ్చాయి.

2005లో టాటా ఏస్ వచ్చాక ఈ పని చాలా సులువైంది. విజయవాడ ఆటోనగర్ దగ్గరైనా, గుంటూరులో మినీ వ్యాన్ల స్టాండులోనైనా ఎప్పుడు అడిగినా దొరికే వాహనం అది. తొట్టి పొడవు సుమారు 7 అడుగులు, వెడల్పు ఐదడుగులకు కొంచెం తక్కువ. స్ప్లెండర్ లాంటి బండి పొడవు రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు, హాయిగా పడుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఏడడుగులకు కొంచెం ఎక్కువే ఉంటుంది, దాన్ని ఐమూలగా నిలబెట్టాలి. మూడు చక్రాల ట్రాలీ ఆటోలో చిన్న బండ్లు పడతాయి కానీ, బరువు పైన ఉండి మలుపుల్లో ఆటో ఊగుతుంది. ఊరి లోపలైతే ఫరవాలేదు. విజయవాడ నుంచి గుంటూరు దాకా 35 కిలోమీటర్లు వెళ్లాలంటే నా ఓటు ఏస్‌కో, బొలెరో పికప్‌కో.

బాడుగ మాట్లాడేటప్పుడే అన్నీ తేల్చుకోండి. ఎక్కించడం, దించడం కలిపా, విడిగానా? పట్టడానికి మనిషి వస్తాడా? తిరుగు ఖాళీ బాడుగ ఎవరిది? టోల్ ఎవరిది? “బాబాయ్, చెక్క, తాళ్లు ఉన్నాయా?” అని అడగడం అన్నిటికన్నా ముఖ్యం. ఇనుప గొలుసు తప్ప ఏమీ లేదంటే ఇంకో బండి చూసుకోండి.

ఎక్కించడం

చాలా బండ్లు దెబ్బతినేది రోడ్డు మీద కాదు, ఇక్కడే. ముగ్గురు నలుగురు కలిసి చేతులతో ఎత్తి తొట్టిలో పడేయడం అందరికీ అలవాటు. 110 కిలోల స్ప్లెండర్‌కు అది కుదురుతుంది. 195 కిలోల బుల్లెట్‌కు కుదరదు. ఒకరి చెయ్యి జారితే మిగిలినవాళ్ల నడుము పోతుంది.

చెక్క వాడండి. దాని పొడవే అసలు సంగతి. తొట్టి ఎత్తు రెండున్నర అడుగులు అనుకుందాం. ఐదడుగుల చెక్క వేస్తే 195 కిలోల బండిని పైకి తోయడానికి దాదాపు 98 కిలోల బలం కావాలి. ఏడున్నర అడుగుల చెక్క వేస్తే 65 కిలోలు చాలు. స్ప్లెండర్‌కైతే 37 కిలోలే. పొట్టి చెక్కతో ఇంకో నష్టం కూడా ఉంది. ముందు చక్రం పైకెక్కి, వెనక చక్రం ఇంకా చెక్క మీద ఉన్నప్పుడు ఇంజిన్ కింది భాగం తొట్టి అంచుకు రాసుకుంటుంది. పొడవు చెక్క దొరకకపోతే నేలనే ఎత్తు చేసుకోండి. కాలవ గట్టుకో, గోడౌన్ అరుగుకో, పల్లంలో ఉన్న చోటికో వ్యాన్‌ను వెనక్కి పెట్టిస్తే చెక్క వాలు సగానికి తగ్గిపోతుంది.

చెక్క రెండంగుళాల మందం ఉండాలి, తడి ఉండకూడదు. పై అంచును తాడుతో తొట్టి కొక్కేలకు కట్టేయాలి. ఈ ఒక్క పనిని ఎవరూ పట్టించుకోరు. వెనక చక్రం చెక్క ఎక్కే క్షణంలో చెక్క వెనక్కి తన్నుకుపోవడం, బండి మధ్యలో కూలబడడం అందువల్లే జరుగుతుంది.

డ్రైవర్ హ్యాండ్‌బ్రేక్ వేసి గేర్‌లో పెట్టాలి. ఒకరు హ్యాండిల్ పట్టుకుని బండికి ఎడమ పక్కన నడవాలి, కుడి చేతి వేలు ముందు బ్రేక్ మీద ఉండాలి. రెండోవాడు వెనక గ్రాబ్ రైల్ (వెనక కూర్చునేవాళ్లు పట్టుకునే కడ్డీ) పట్టుకుని తోయాలి. మడ్‌గార్డ్, ఇండికేటర్, సారీ గార్డ్ పట్టుకోకూడదు, అవి చేతికొస్తాయి. మూడోవాడు తొట్టిలో నిలబడి ముందు చక్రాన్ని అందుకోవాలి. హ్యాండిల్ పట్టుకున్నవాడు పైకెక్కడానికి పక్కన ఒక ఇటుకల దొంతరో పెట్టెనో వేయండి, లేకపోతే సరిగ్గా బరువు ఎక్కువయ్యే చోట అతని చేతులు అందవు. ఇంజిన్ నడుస్తున్నా సరే, సీటు మీద కూర్చుని చెక్క మీదుగా ఎక్కించొద్దు. కాలు కింద పెట్టాల్సి వస్తే అక్కడ నేల ఉండదు.

కట్టడం

ఈ భాగం రెండుసార్లు చదవండి. ముందు చక్రాన్ని డ్రైవర్ క్యాబిన్ వైపు గోడకు నిటారుగా ఆనించండి. మధ్యలో పాత టైరు ముక్కో, మడిచిన గోనె సంచో పెట్టండి. బండిని మొదటి గేర్‌లో వేయండి. సైడ్ స్టాండ్ వేసి కట్టొద్దు, సెంటర్ స్టాండ్ మీద అసలు కట్టొద్దు. సైడ్ స్టాండ్ మీద కడితే ప్రతి గుంతకూ బరువంతా ఆ ఒక్క కడ్డీ మీద పడి అది వంగుతుంది, లేదా ఛాసిస్‌కు అతికిన చోట విరుగుతుంది. బండి తన రెండు టైర్ల మీద నిలువుగా ఉండాలి. దాన్ని పట్టి ఉంచేది తాళ్లే.

ముందు రెండు తాళ్లు. ఫోర్కులు రెండింటినీ కలిపి పట్టుకునే కింది ‘టీ’కి, చెరోవైపు ఒకటి. అక్కడినుంచి ముందుకు, పక్కకు, కిందికి దాదాపు 45 డిగ్రీల్లో తొట్టి కొక్కేలకు. హ్యాండిల్ చివర్లకు కట్టకూడదు, గ్రిప్పులు తిరుగుతాయి, రాడ్ వంగుతుంది. ఒకవైపు పూర్తిగా బిగించి తర్వాత రెండోవైపు చూద్దామనుకోకండి. ఇటు కొంచెం, అటు కొంచెం బిగిస్తూ రండి. బిగిస్తున్నకొద్దీ ముందు షాక్‌అబ్జార్బర్లు కిందికి దిగుతాయి. సగం దిగగానే ఆపండి. ఆ స్థితిలో స్ప్రింగులు ఎప్పుడూ పైకి తోస్తుంటాయి, కాబట్టి గుంతలో పడినా తాడు వదులు కాదు. అదే మొత్తం అణిచేస్తే ఆయిల్ సీళ్లు కారతాయి.

వెనక రెండు తాళ్లు గ్రాబ్ రైల్ బిగించిన చోట ఛాసిస్‌కు. ఇవి బండి వెనక భాగం పక్కకు జరగకుండా ఉంటే చాలు, ముందువాటంత బిగువు అక్కర్లేదు. ఆఖరున ముందు బ్రేక్ లివర్‌ను గ్రిప్పుకు చిన్న రబ్బరు ట్యూబ్ ముక్కతో కట్టండి.

తాడు దేనితో చేసిందన్నది కూడా ముఖ్యమే. కొబ్బరి తాడు తడిస్తే ఒకలా, ఆరితే ఒకలా ఉంటుంది, ముడి జారుతుంది. నైలాన్ తాడు బరువుకు సాగుతుంది. రాట్చెట్ బెల్టు (పిడిని ఆడిస్తే బిగుసుకునే పట్టీ) అన్నిటికన్నా మంచిది. ఒకసారి కొనుక్కుంటే ఏళ్లతరబడి ఉంటుంది. బెల్టు కట్టేటప్పుడు మధ్యలో ఒక్క అరమెలిక తిప్పండి. చదునుగా ఉన్న బెల్టు గాలికి టపటపా కొట్టుకుంటూ మెల్లగా వదులవుతుంది. అరమెలిక ఉన్నది కదలదు. బెల్టు ట్యాంకుకో పెయింటుకో తగిలే చోట సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి. బెల్టు లేకపోతే లారీ క్లీనర్లు టార్పాలిన్ కట్టే ముడి వేయించండి. తాడులోనే ఒక ఉచ్చు చేసి, కొక్కెం చుట్టూ తిప్పి, ఆ ఉచ్చులోంచి లాగి బిగించే ముడి అది. లారీల ఊళ్లో అది తెలిసినవాళ్లకు కరువు లేదు.

కట్టాక సీటు పట్టుకుని గట్టిగా ఊపండి. బైకుతో పాటు వ్యాను కూడా ఊగితే కట్టు సరిగ్గా పడినట్టు. బైకు ఒక్కటే ఊగితే మళ్లీ బిగించండి. కార్బ్యురేటర్ బండికి పెట్రోల్ నాబ్ మూసేయడం మరచిపోవద్దు.

దారిలో, దించేటప్పుడు

మొదటి ఐదారు కిలోమీటర్లలోనే తాళ్లు సర్దుకుని వదులవుతాయి. విజయవాడ నుంచి బయల్దేరితే మంగళగిరి దగ్గర ఒకసారి ఆపి బిగించండి. తర్వాత కాజ టోల్ ప్లాజా దాటాక పక్కకు ఆపి ఇంకోసారి చూడండి. తొట్టిలో బండి పక్కన మనిషి కూర్చోకూడదు, అది పడితే అతని మీదే పడుతుంది.

దించేటప్పుడు ముందుగా వెనక తాళ్లు విప్పండి. ముందు తాళ్లను ఇద్దరు బండిని పట్టుకున్నాకే, రెండు పక్కలా కొంచెం కొంచెంగా వదలండి. అణిగి ఉన్న షాక్‌అబ్జార్బర్లు ఒక్కసారి పైకి లేస్తే బండి అటో ఇటో ఒరుగుతుంది. వెనక చక్రం ముందు దిగాలి. చెక్క మీద ముందు బ్రేక్ ఒక్కదాన్నే నమ్ముకుంటే చక్రం జారుతుంది. మొదటి గేర్‌లో ఉంచి, ఇంజిన్ ఆఫ్‌లోనే క్లచ్‌ను కొంచెం కొంచెం వదులుతూ దింపితే వెనక చక్రం కూడా పట్టి ఉంచుతుంది.

స్కూటర్లు, కరెంటు బండ్లు

యాక్టివా లాంటి స్కూటర్‌కు క్లచ్ లివర్, గేర్లు ఉండవు, తోసి స్టార్ట్ చేయడం కుదరదు. కట్టేటప్పుడు సీటు మీదుగా తాడు వేసి బిగిస్తే ప్లాస్టిక్ ప్యానెళ్లు పగులుతాయి. ముందు మడ్‌గార్డ్ కింద ఫోర్కుకూ, వెనక ఇనుప గ్రాబ్ రైల్‌కూ కట్టండి. గేర్ లేదు కాబట్టి వెనక బ్రేక్ లివర్‌ను కూడా కట్టేయాలి.

కరెంటు స్కూటర్లను తోసుకుంటూ, లాగుకుంటూ తీసుకెళ్లనే వద్దు. చక్రం తిరిగితే మోటారు జనరేటర్‌లా పనిచేసి కరెంటు పుట్టిస్తుంది. కొన్ని బండ్లలో పవర్ లేకపోతే చక్రమే లాక్ అవుతుంది. నేరుగా పైకి ఎక్కించండి. బ్యాటరీకి దెబ్బ తగిలినా, నీళ్లలో మునిగినా మూసిన వ్యానులో పెట్టకండి, పైకప్పు లేని ట్రాలీలో ఒంటరిగా తీసుకెళ్లండి. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ అప్పటికప్పుడు కాకపోయినా గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత అంటుకోవచ్చు. ఇంట్లోకి, మెట్ల కిందికి తేవద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక ప్రాణం పోయింది.

వరదలో మునిగిన బండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు రోజులతరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఇంటింటి ముందూ బండ్లు మునిగాయి. నీళ్లు తీశాక వాటిని మెకానిక్‌ల దగ్గరికి చేర్చడమే పెద్ద పనైంది. అలాంటి బండిని తరలించే పద్ధతి వేరు.

సెల్ఫ్ నొక్కొద్దు, కిక్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని అణచలేదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ఆన్ చేసినందువల్ల జరిగిన నష్టమని తేలితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు కూడా ఇబ్బందే. ముందు ఫోటోలు తీయండి: బండి ఉన్న చోటు, నీటి మట్టం మరక, నంబర్ ప్లేటు, మీటరు. ఇన్సూరెన్స్ కంపెనీకి కబురు పెట్టకుండా విప్పించొద్దు.

తర్వాత సీటు తీసి బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. న్యూట్రల్‌లో మాత్రమే కదపండి. గేర్‌లో తోస్తే ఇంజిన్ తిరిగి, సెల్ఫ్ కొట్టినంత పనీ అవుతుంది. కాబట్టి తొట్టిలో కట్టేటప్పుడు కూడా ఇందాక చెప్పిన మొదటి గేర్ పద్ధతి దీనికి వద్దు. న్యూట్రల్‌లోనే ఉంచి, రెండు బ్రేకులూ కట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు పెట్టండి. బురదలో ఉన్న బ్రేకులు పట్టకపోవచ్చు, కనుక చెక్క మీద ఒక మనిషి ఎక్కువ ఉండాలి. షెడ్డులో చేయాల్సినవి ఇంజిన్ ఆయిల్ మార్చడం, ప్లగ్ తీసి నీళ్లు తోడడం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, స్కూటర్‌కైతే బెల్ట్ కేసు శుభ్రం చేయడం. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా వస్తే ఒకసారి మార్పు చాలదు.

పోలీసులు ఎత్తుకెళితే

నో పార్కింగ్‌లో, దారికి అడ్డంగా వదిలేసిన వాహనాన్ని తరలించే అధికారం మోటారు వాహనాల చట్టంలోని 127వ సెక్షన్ ఇస్తుంది. తరలింపు ఖర్చూ యజమానిదే. బీసెంట్ రోడ్డు లాంటి చోట్ల పెట్టిన బండి కనిపించకపోతే దొంగతనం కేసు పెట్టే ముందు దగ్గరి ట్రాఫిక్ స్టేషన్‌లో అడగండి. ఆర్‌సీ, లైసెన్సు చూపించి, డబ్బు కట్టి రసీదు తీసుకోండి. బండిని అక్కడే చుట్టూ తిరిగి చూడండి. గీత పడినా, లివర్ విరిగినా బయటికొచ్చాక చెబితే ప్రయోజనం ఉండదు.

దూరం పంపాలంటే

హైదరాబాదుకో బెంగళూరుకో ఉద్యోగం మారినవాళ్లకు విజయవాడ జంక్షన్ పార్సిల్ ఆఫీసు ఇప్పటికీ మంచి దారి. టికెట్టున్న ప్రయాణికుడు లగేజీగా బుక్ చేస్తే బండి సాధారణంగా అదే రైల్లో వస్తుంది, టికెట్టు లేకపోతే పార్సిల్‌గా పంపొచ్చు. పార్సిల్‌గా అయితే రెండు మూడు రోజుల ముందే చేర్చండి.

ట్యాంకులో పెట్రోల్ చుక్క ఉండకూడదు. రైల్లోకి అక్రమంగా ప్రమాదకర సరుకు తెస్తే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. పైపు తీసి ట్యాంకు ఖాళీ చేశాక, కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలినదాన్ని డ్రెయిన్ స్క్రూ తిప్పి వదిలేయండి. ఆ వాసన వస్తేనే గుమాస్తా వెనక్కి పంపేస్తాడు. ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు ఉంచుకోండి. ప్యాకింగ్‌కు ఒకప్పుడు వరిగడ్డి, గోనె సంచులు వాడేవాళ్లు, ఇప్పుడు వాటితో పాటు అట్టలు, ఫోమ్ వచ్చాయి. హెడ్‌లైట్, ట్యాంకు, సైలెన్సర్, లివర్లు, ఇండికేటర్లు తప్పకుండా చుట్టించండి. అద్దాలు విప్పి ఇంట్లోనే ఉంచుకోండి. ఎక్కడినుంచి ఎక్కడికో, మీ పేరు, ఫోను నంబరు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి రెండు చోట్ల కట్టండి.

రైలు ఎంచుకోవడంలో ఒక కిటుకుంది. చేరాల్సిన స్టేషన్‌లో రైలు రెండు నిమిషాలే ఆగితే బండిని దించే వ్యవధి ఉండదు. రైలు ప్రయాణం ముగిసే స్టేషన్‌కు బుక్ చేయడం మేలు. బుకింగ్ సమయంలో బండి విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టకపోతే నష్టపరిహారం బరువు లెక్కన కొద్దిగానే వస్తుంది. కొత్త బండికి ఆ రుసుము దండగ అనుకోకండి.

లారీ పార్సిల్ సర్వీసుల్లో, ప్యాకర్ల ద్వారా పంపేటప్పుడు మీటరు రీడింగ్‌తో సహా చుట్టూ వీడియో తీయండి. బండి నంబరు, విలువ రాసిన ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. మీ ప్యాకేజీ పాలసీ అమల్లో ఉంటే రోడ్డు, రైలు ద్వారా తరలిస్తుండగా జరిగిన నష్టం కూడా దాని కిందికి వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రాదు. పంపే ముందు పాలసీ గడువు చూసుకోండి.

బండి చేరిందని తెలియగానే వెళ్లి తెచ్చుకోండి. గడువు దాటితే రైల్వే గంటల లెక్కన రుసుము వేస్తుంది. ప్యాకింగ్ అక్కడే విప్పి చూశాకే సంతకం పెట్టండి. దెబ్బ ఉంటే ఆ కాగితం మీదే రాయించండి. ట్యాంకు ఖాళీగా ఉంటుంది, సీసాలో పెట్రోల్ పోయడానికి చాలా బంకులు ఒప్పుకోవు. అందుకే స్టేషన్ నుంచి దగ్గరి బంకు ఎటుందో, తోసుకెళ్లడానికి ఏ గేటు నుంచి బయటికి రావాలో ముందే కనుక్కుని వెళ్లండి.